దొయిమతి కార్డు

పాంగి దొయిమతి ఆరోగ్య బీమా కార్డును ఎవరికిచ్చినా ముందు కొంగుతో తుడిచే ఇస్తుంది. కాఫీ పళ్లు కోసి నల్లబడ్డ వేళ్ల మరక అంటకుండా అంచులే పట్టుకుంటుంది. పేద పిల్లల ఆపరేషన్ ఖర్చంతా సర్కారే పెట్టుకుంటుందని ఊరి మీటింగులో విన్నప్పటి నుంచీ దాన్ని పాలిథిన్ కవర్లో దాచింది. ఇవాళ గుండెకు చిల్లున్న ఆరేళ్ల మనవరాలిని వీపున కట్టుకుని కొండ దిగి, రెండు బస్సులు మారి పట్నం ఆసుపత్రికి వచ్చింది.

కౌంటర్లో గుమాస్తా కంప్యూటర్ మీంచి తలెత్తాడు. "డాక్టరు చీటీలో గంగ, కార్డులో సుక్రి. ఈ పిల్ల ఎవరమ్మా?"

"రెండూ ఈ గుంటే బాబూ. సుక్రి అన్నన్నాళ్లూ ఆయాసం ఒదల్నేదు. పేరు మారిస్తే రోగం దీన్ని పోల్సుకోనేదని మా ఊరి పూజారి గంగ అని పెట్టినాడు."

"పేర్లు కలవకపోతే ఫ్రీగా చెయ్యరు. మండలాఫీసులో మార్పించుకుని రండి."

పూజారి ఒక్క పూటలో మార్చాడు. ఆఫీసులో ఆ మొదటి పేరు కార్డుకెక్కడానికే రెండేళ్లు పట్టింది. పిల్ల పెదాలు అప్పటికే నీలంగా ఉన్నాయి.

అతను తిరిగి ఇవ్వబోయిన కార్డును దొయిమతి అందుకోలేదు. పిల్లను దించి, కొంగుతో మొహం తుడిచి, అతనెదుట బల్ల మీద కూర్చోబెట్టింది.

"పేరు మార్సినా రోగం దీన్ని పోల్సుకుంది బాబూ. మీ సర్కారే పోల్సుకోనేదు."