మిగిలిన కిలోమీటర్లు

కారు తిరిగి ఇచ్చేసే రోజు పొద్దున నాలుగు టైర్ల గాడుల లోతు కొలిచాను. అవసరం లేదు, లీజు ఆఫీసులో వాళ్లే కొలుస్తారు. కానీ బొగ్గు కంపెనీ ఓపెన్‌కాస్ట్ గనిలో, బొగ్గూ మట్టీ మోసే డంపర్ల టైర్ సెక్షన్‌లో, ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి. కొలవకుండా టైరును ఎవరికీ అప్పగించలేను. నాలుగూ దాదాపు సమానంగా అరిగాయి. గేజిని డబ్బాలో పెట్టి, చేతులు కడుక్కుని, చాయ్ తాగాను.

ఆ కారు నా భార్య వైద్యం కోసం తీసుకున్నది. రెండేళ్ల వైద్యం అన్నారు డాక్టర్లు. దవాఖాన కరీంనగర్‌లో. గోదావరిఖని నుంచి పోను రాను సుమారు నూట ముప్పై కిలోమీటర్లు, వారానికి రెండుసార్లు. మందు ఎక్కించుకున్నాక బస్సులో ఆమె కూర్చోలేదు. రెండేళ్ల అవసరానికి కారు కొనడం దండగనిపించింది. అందుకని లీజు.

కరీంనగర్‌లోని లీజు ఆఫీసులో నలభై ఏళ్లు దాటిన ఒక మేడం మాకు కాగితాలు చూపించింది. ఏడాదికి పదివేల కిలోమీటర్ల లెక్కకు ఒక అద్దె, పదిహేను వేలకు ఇంకొక అద్దె. దాటితే ప్రతి కిలోమీటరుకూ విడిగా కట్టాలి. తిరిగి ఇచ్చేటప్పుడు గీతలకు, సొట్టలకు, ఎక్కువ అరిగిన టైర్లకు కోత ఉంటుంది. సర్వీసు ప్యాకేజీ వేరు, దారిలో ఆగిపోతే వచ్చే సహాయం వేరు, టైర్లకు రక్షణ ప్లాన్ వేరు. నేను కాగితం వెనక లెక్క వేసి పదిహేను వేలది ఎంచుకున్నాను. సర్వీసు ప్యాకేజీ తీసుకున్నాను. టైర్ల ప్లాన్ వద్దన్నాను.

“మీ ఏరియా రోడ్లు మంచిగుండయి సార్. టైర్ ప్లాన్ తీసుకుంటెనే నయం” అంది ఆమె.

నా భార్య నవ్వింది. “టైర్ల గురించి ఈయనకు చెప్తున్నరా మేడం? నన్నన్న ఇడిసిపెడ్తడు గని టైరును ఇడువడు.”

ఆ రోజుకు ఆమె బాగానే ఉంది. మొదటి నెలల్లో మందు ఎక్కించిన మరునాడు తప్ప మిగతా రోజులు మామూలుగానే తిరిగేది.

టైర్ సెక్షన్ పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను చేసింది అర్థం కాదు. డంపర్ టైరు మనిషి కంటే ఎత్తుంటుంది. ప్రతి టైరుకూ ఒక కార్డు. ఎన్ని గంటలు నడిచింది, ఎంత లోతు మిగిలింది, అందులో రాస్తాం. లైఫ్ మిగిలి ఉండగా టైరు విప్పితే కారణం రాయాలి. కోత పడిందా, వేడెక్కి పొర లేచిందా, ప్రమాదమా. కారణం లేకుండా విప్పడానికి లేదు. బాగున్న టైరును ఒక డంపర్ నుంచి విప్పితే ఇంకొక డంపర్‌కు ఎక్కిస్తాం. మిగిల్చింది ఎక్కడికీ పోదు. చెప్పిన గంటల కంటే ఎక్కువ నడిపించడమే మా గొప్ప. నేను కారును కూడా అట్లాగే చూశాను.

కరీంనగర్ దారిలో సగం దూరానికి ఆపి, దిగి, నాలుగు టైర్లనూ అరచేతి వెనకవైపుతో తాకి చూసేవాణ్ణి. కారు టైరుకు అది అక్కర్లేదని తెలుసు. అలవాటు.

“టైర్లకు జరమొచ్చిందా?” అనేది లోపలి నుంచి. “నా నెత్తి మీద కూడా జర చెయ్యి పెట్టి చూడు. నేను కూడా నీ బండ్లనే ఉన్న.”

ఆమె కోరింది ఒక్కటే. జబ్బు రాకముందే జ్యోతినగర్‌లో డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, కారు లేక దాన్ని బీరువాలో పెట్టుకుంది. ఆమె అక్క ఇల్లు రామగిరి మండలంలో ఉంది, కమాన్‌పూర్ మీదుగా పోవాలి. మా ఇంటి నుంచి పోను రాను యాభై కిలోమీటర్లు. అక్కడికి తానే కారు నడుపుకుంటూ పోవాలని.

“అక్క ఇంటి ముంగట నేనే బ్రేక్ వెయ్యాలె. ఆమె బయటికొచ్చి చూడాలె. గంతే.”

ఆ రోడ్డు మీద లారీల నుంచి పడ్డ బొగ్గు పెళ్లలు, కంకర ఉంటాయి. టైరు పక్కభాగాన్ని రాయి ఎట్లా కోస్తుందో నాకంటే ఎక్కువ చూసినవాళ్లు తక్కువ. కొత్తగా నడిపేవాళ్లు గుంతలో బ్రేక్ వేస్తారు, టైరు ఒకవైపే అరుగుతుంది. ఆ రోడ్డు టైర్లకు మంచిది కాదన్నాను. తర్వాత పోదామన్నాను. కోపంగా అనలేదు. సెక్షన్‌లో డ్రైవర్లకు చెప్పినట్టే చెప్పాను.

ఒకరోజు దవాఖానలో నేను మందుల లైన్‌లో నిలబడి వచ్చేసరికి ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది. సీటును ముందుకు జరుపుకుంది. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి.

“ఏంది గట్ల చూస్తున్నవ్? ఒక్క కిలోమీటరన్న తిరగలే. మీటర్ చూస్కో” అంది.

నేను నిజంగానే మీటర్ చూశాను. ఆమె దిగి అటువైపు వెళ్లి కూర్చుంది. నేను సీటును వెనక్కి జరుపుకుని బండి తీశాను.

మొదటి ఏడాది అయ్యేసరికి మీటర్ మీద పదకొండు వేల నాలుగు వందలు. కొన్ని వారాలు ఆమెను దవాఖానలోనే ఉంచుకోవడంతో తిరుగుడు తగ్గింది. మూడు వేల ఆరు వందలు మిగిలాయని ఆమెకు చెప్పాను.

“అయితే అక్క ఇంటికి ఎన్నిసార్లు పోవచ్చు?”

“డెబ్బై రెండు సార్లు.”

“నాకు ఒక్కసారి సాలు” అంది. అప్పటికి ఆమె చెప్పులు వేసుకోవడానికి కూడా కూర్చోవాల్సి వచ్చేది. ట్రీట్‌మెంట్ అయిపోనీ అన్నాను. మిగిలినవి ఎక్కడికి పోతాయి అన్నాను.

మరుసటి వారం లీజు ఆఫీసు నుంచి రెండో ఏడాది కాగితం వచ్చింది. అందులో మళ్లీ పదిహేను వేలే ఉన్నాయి. ఫోన్ చేశాను.

“పాత ఏడాదివి మూడు వేల ఆరు వందలు ఇందులో కలపలేదు మేడం.”

“అవి కలవయి సార్. ఏ ఏడాదివి ఆ ఏడాదే. అగ్రిమెంట్‌ల రాసే ఉంది. మీరు పైసలు కట్టిన కిలోమీటర్లే కదా సార్, తిరిగితె అయిపోయేది.”

అగ్రిమెంట్ తీసి చూశాను. ఉంది. పుస్తకాలు చదివే అలవాటున్నవాణ్ణి, ఒక్క వాక్యం కూడా వదలకుండా చదువుతాను. దాన్ని కూడా చదివే ఉంటాను. చదివి, ఇంకో డంపర్‌కు ఎక్కించుకోవచ్చులే అనుకుని ఉంటాను. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. అప్పుడైనా తాళంచెవి ఆమె చేతికి ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. ఆ వారం ఆమె కాళ్లకు వాపు వచ్చింది. మళ్లీ కరీంనగర్, మళ్లీ కరీంనగర్.

రెండో ఏడాది నాలుగో నెలలో ఆమె పోయింది. చివరిసారి మా కారులో రాలేదు, అంబులెన్స్‌లో వచ్చింది. నేను వెనక కారులో ఒక్కణ్ణే వచ్చాను. దారిలో ఎక్కడా ఆపలేదు.

పదకొండో రోజుకు వాళ్ల అక్క వచ్చింది. భోజనాలయ్యాక వాకిట్లో కారు పక్కన నిలబడింది.

“బండి ఉన్నది గద మరిదీ. చెల్లెను ఒక్కసారన్న మా ఇంటికి తీసుకరాకపోతివి.”

“ఆ రోడ్డు మంచిగ లేదు వదినె.”

“నేను ఆ రోడ్డు మీదికెల్లే వచ్చిన” అంది. ఆటోలో కమాన్‌పూర్ దాకా, అక్కడి నుంచి బస్సులో. కారు అద్దం మీద బొగ్గు దుమ్ము ఉంటే కొంగుతో కొంచెం తుడిచి లోపలికి పోయింది.

అప్పుడే తిరిగి ఇచ్చేయవచ్చు. గడువుకు ముందు ఇస్తే మూడు నెలల అద్దె కట్టాలి, ఉంచుకుంటే ఎనిమిది నెలలది. ఇచ్చేయడమే లాభమని చిన్న పిల్లలకు కూడా తెలుస్తుంది. నేను ఫోన్ చేయలేదు. ఎందుకని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. రేపు చేద్దామనుకునేవాణ్ణి. ఎనిమిది నెలలు అట్లా గడిచాయి. బండి ఒకేచోట నిలిపి ఉంచితే బరువు పడినచోట టైరు చదునవుతుంది. అందుకని ఆదివారం ఆదివారం రెండు అడుగులు ముందుకు, రెండు అడుగులు వెనక్కి జరిపేవాణ్ణి. మీటర్ కదిలేది కాదు. తాళం వేసి లోపలికి వచ్చేవాణ్ణి. ఏడుపు రాలేదు, ఆకలి మాత్రం వేళకు అయ్యేది.

ఇచ్చే రోజు కరీంనగర్ ఆఫీసు ముందుకు అదే మేడం వచ్చింది. నాలుగు తలుపులూ తీసి చూసింది, గీతల కోసం చుట్టూ తిరిగింది, గేజితో టైర్లు కొలిచింది. పొద్దున నేను రాసుకున్న అంకెలే వచ్చాయి.

“ఒక్క రూపాయి కటింగ్ లేదు సార్. గిట్ల బండి అప్పజెప్పినోళ్లను నేను చూడలే. టైర్ ప్లాన్ తీసుకోకపోవుడే మంచిగైంది.” తర్వాత మీటర్ చూసింది. “రెండేండ్లకు పద్నాలుగు వేల మూడు వందలేనా? సగం కూడా తిరగలేదు. అమ్మ ఎట్లున్నరు సార్?”

చెప్పాను. ఆమె కాగితం నా వైపు జరిపి సంతకం ఎక్కడ చేయాలో చూపించింది.

కాగితంలో అంకెలన్నీ ఆమే నింపింది. రెండేళ్లవీ కలిపి మిగిలిన కిలోమీటర్లు అన్న గడిలో పదిహేను వేల ఏడు వందలు అని ఉంది. దాని పక్కన ఖాళీ గడి. నేను సంతకం చేసి, ఆలోచించకుండానే ఆ ఖాళీ గడిలో కూడా రాశాను. కార్డుల మీద ఇన్నేళ్లు రాసిన చేతిరాతే. కోత లేదు. వేడి లేదు. వాడనివ్వలేదు.

“అండ్ల ఏం రాయనవసరం లేదు సార్. అది ఆఫీసుకు” అంది ఆమె.

“కారణం రాయాలె” అన్నాను.

ఆమె కాగితాన్ని తనవైపు తిప్పుకుని చదివింది. కొట్టేయలేదు. ముద్ర వేసి ఒక నకలు నాకు ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బస్టాండుకు నడిచాను.