ముసలమ్మ చెప్పిన ఊళ్లు

పందొమ్మిది వందల యాభైల చివర నేను గుంటూరులో పత్రికలో సబ్‌ ఎడిటర్‌గా కుదురుకుంటున్న రోజుల్లో లూథరన్‌ పాదిరీ ఒకాయన పరిచయమయ్యారు. ప్రసంగాల కన్నా యానాదుల మాటలూ కథలూ రాసుకోవడం మీదే ఆయనకు మనసు. పొలాల్లో ఎలకలు పట్టి బతికే వాళ్ల గుడిసెల ముందు గంటల తరబడి నేల మీదే కూర్చునేవారు. తెల్లవాడికి ఇదేం పిచ్చి అని మా ఆఫీసులో నవ్వుకునేవాళ్లం.

ఒక యానాది ముసలమ్మ చెప్పిన పెద్ద కథను ఆయన పెన్సిల్‌తో తెలుగులోనే రాసుకున్నారు. సముద్రం ఒడ్డు నుంచి తన వాళ్లు ఈ మిరప చేలల్లోకి ఎలా వచ్చారన్నది ఆ కథ. రాత చెరిగిపోతోందని, శుభ్రంగా నకలు రాయమని నాకిచ్చారు. అప్పటికే ముసలమ్మ పోయింది.

ప్రతి ఊరికీ అవే మాటలు. ఫలానా ఊళ్లో గుడిసె వేశాం, ఎలకలు పట్టాం, లేవగొట్టారు, లేచిపోయాం. మళ్లీ ఇంకో ఊరు, మళ్లీ అదే. పేజీలకు పేజీలు ఇదే వరస. విలేకరి పంపిన వార్తను ఎలా కుదిస్తామో దీన్నీ అలాగే కుదించాను. మొదటి ఊరు, చివరి ఊరు ఉంచి, మధ్యలో ‘ఇలా అనేక ఊళ్లు తిరిగారు’ అని ఒక్క వాక్యం పెట్టాను. కొట్టేసిన వాటిలో మా ఊరూ ఉంది. అక్కడ నా కలం ఆగిన గుర్తు లేదు. పని అయిపోయిన కాపీని చించి బుట్టలో వేయడం మా అలవాటు. ఆయన కాగితాలనూ అలాగే చించేశాను.

పాదిరీగారు నకలును ఒకసారి, మళ్లీ ఒకసారి తిరగేశారు. అసలు కాగితాలేవని అడిగితే ఉన్నది చెప్పాను. కోప్పడలేదు. ముసలమ్మ కూతురికి కథ తెలిసి ఉంటుంది, మీరూ రండి అన్నారు.

మేం వెళ్లేసరికి ఆమె ఏరుకొచ్చిన తాలు మిరపకాయలు ఎండబోస్తోంది. ఊళ్ల పేర్లు చెప్పమంటే నవ్వింది.

“అమ్మ చెబుతుంటే తమరు రాసుకున్నారుగా దొరా. కాయితంలో ఉందిలే అని మేం చెప్పుకోవడమే మానేశాం. ఈ బాబు చదువుకున్నోడేగా, ఓసారి చదివి ఇనిపించమనండి. పిల్లకాయలూ ఇంటారు.”

పాదిరీగారు నకలు నా చేతిలో పెట్టారు. గుడిసెల వాళ్లంతా చుట్టూ చేరారు. మొదటి ఊరి పేరు రాగానే ఆమె తల ఊపి, పిల్లల్ని గమ్మునుండమని కసిరింది. ఆ తరవాతి వాక్యం చదివాను. ఆమె ఇంకా వింటూనే ఉంది.

“మధ్యలో ఊళ్లేయి బాబూ? మా అయ్యను పూడ్చిన ఊరు రాలేదే. నేనప్పుడు పసిదాన్ని, నాకు తెలవదు.”

నేనే కొట్టేశానని చెబితే సరిపోయేది. “ఆ కాగితాలు వానకి తడిసిపోయాయమ్మా,” అన్నాను.

పాదిరీగారు నా వైపు చూడలేదు. ఆమే నన్ను ఓదార్చింది.

“పోన్లే బాబూ. వానకి మా కొంపలే నిలవవు, కాయితాలెంత.”

అవునన్నట్టు తల ఊపాను.