కాయ కాసిందన్నారు

నా టేబుల్ మీద ఏటికొప్పాక బొంగరం ఒకటుంది. ఎండ తగిలితే లక్క వాసన వేస్తుంది. ఆ వాసనకి కరుణ మేడమ్ గుర్తొచ్చి, చేతిలో ఉన్న పేషెంటు చీటీ మరోసారి చదువుతాను. నర్సీపట్నంలో డాక్టరుగా ఆవిడ నడిపిన స్కానింగ్ సెంటర్‌లో నేను టెక్నీషియన్‌ని. ఆవిడ తన నీడను తానే నమ్మని మనిషి. ఆదివారం చర్చికి వెళ్తూ కూడా తాళం మూడుసార్లు లాగి చూసేవారు. వెనక నేను నవ్వుకునేవాణ్ణి.

ఒక ఉదయం సింహాచలం గారని, ఏటికొప్పాకలో లేత్ మీద బొమ్మలు చేసే ఆయన వచ్చారు. యాభై దాటాయి. ఎడమ రొమ్ములో గడ్డ. "ఉలి పిడి గుండెకి ఆనించి పని సేత్తానండి. కాయ కాసింది, అంతే. మా ఆడది పోరు పెట్టి పంపింది," అన్నారు సిగ్గుపడుతూ. నాకూ సబబుగానే తోచింది. చీటీ మీద 'ఉలి ఒత్తిడి వల్ల గడ్డ' అని రాసేశాను.

మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఇది నువ్వు చూశావా, ఆయన చెప్పారా?"

"ఆయనే చెప్పారండీ."

ఆవిడ స్కాన్ జెల్లీ రాయకముందే తన పెన్ను ఆయన చేతికిచ్చారు. "ఇదే ఉలి అనుకోండి. ఎలా పడతారో చూపించండి." ఆయన అలవాటుగా పట్టారు. పెన్ను చివర గడ్డ లేని కుడి రొమ్ముకి ఆనింది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"మగోడికి ఆడోళ్ళ జబ్బేటండి?" అన్నారాయన. మేడమ్ గడ్డని వేళ్ళతో నొక్కి చూశారు.

"అరుదుగా వస్తుందండీ. చనుమొన కిందే ఉండి, నొక్కితే నొప్పెడితే నాకు కాస్త ధైర్యం. ఇది పక్కకుంది, గట్టిగా ఉంది, నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని నేను నమ్మను."

స్కాన్‌లో గడ్డ అంచులు ఎగుడుదిగుడుగా కనిపించాయి. అయినా ఆవిడ ఏదీ తేల్చలేదు. తన కళ్ళనీ నమ్మరు కదా. మామోగ్రామ్‌కీ, గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్షకీ బేగి విశాఖపట్నం వెళ్ళమన్నారు. అక్కడ కాన్సరేనని తేలింది. అదృష్టం, ఇంకా పాకలేదు. ఆపరేషన్ చేశారు.

మరుసటి ఏడు ఆయన బొంగరం పట్టుకొచ్చారు. "ఇప్పుడే సంబరమేమిటి? జబ్బు తిరగబెట్టకుండా అయిదేళ్ళు గడవనివ్వండి, తీసుకుంటాను," అని మేడమ్ తిప్పి పంపేశారు. ఇంత అనుమానమేమిటని నాకు ఒళ్ళు మండింది.

అయిదేళ్ళు నిండాక ఆయన అదే బొంగరంతో వచ్చేసరికి మేడమ్ పోయి రెండు నెలలైంది. ఆవిడ ఖాళీ కుర్చీ వైపు చూసి, "తమరే ఉంచండి బాబూ," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అయినా చెయ్యి చాపలేదు.

"రిపోర్టులేవి?"

"అన్నీ బాగున్నాయన్నారండి. ఇదిగో."

"అది కాగితమే కదండీ. ముందు చొక్కా విప్పండి."