సున్నాను తీసేసిన పిల్ల

ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలి. దుమ్ము పడుతుందని కారణం చెప్పేవారు కానీ, మాకు మాత్రం గుళ్లోకి వెళ్తున్నట్టే ఉండేది. కరీంనగర్‌లో ఒక టైర్ల దుకాణం పైన ఉండేది మా కంప్యూటర్ సెంటరు. సుల్తానాబాద్ నుంచి రోజూ పొద్దున బస్సెక్కి వచ్చి, చెప్పులు విడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా నా మూల కుర్చీలో కూర్చునేదాన్ని. మాట్లాడవలసినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. (ఆ డైరీ చదివినవాళ్లు నన్ను పెద్ద వాగుడుకాయ అనుకుంటారు.) మా బాపు వరి పండించే మనిషి. కంప్యూటరంటే ఏమిటో ఆయనకు తెలియదు కానీ, బి.ఎడ్. చదివితే పంతులమ్మనవుతానని తెలుసు. "పత్తుల కాలం అయిపోయేదాక జూస్త. అప్పటికి గా నౌకరి పక్కా గాకపోతే గా సెంటరు ఇడిచిపెట్టి బి.ఎడ్. చదువు" అని గడువు పెట్టాడు. నలభై మంది పిల్లల ముందు నిలబడి గట్టిగా పాఠం చెప్పడం తలుచుకుంటేనే నాకు అరిచేతుల్లో చెమటలు పట్టేవి. కంప్యూటరుకు ఆ బాధ లేదు. అది మన ముఖంలోకి చూడదు.

నా నౌకరి పక్కా అవడం భైంసాలో పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు మీద ఆధారపడి ఉంది. మా సెంటరు యజమానిని అందరం సారు అనేవాళ్లం. మిల్లు కోసం నేను తయారుచేస్తున్న ప్రోగ్రాం అక్కడి సేటుకు నచ్చితే నన్ను పనిలో పెట్టుకుంటానని, లేకపోతే తన దగ్గర పని లేదని ఆయన ముందే చెప్పేశారు. ప్రోగ్రాం చేసే పని చిన్నదే. గేటు దగ్గర పత్తి బండి ఆగగానే తేమ చూసి రాస్తారు. లోపల గదిలో ఉన్న తెర మీద ఆ బండి పేరు ఒక వరుసగా వస్తుంది. పత్తి తడిగా ఉంటే ఎర్ర అక్షరాల్లో, అనుమానంగా ఉంటే పసుపు అక్షరాల్లో, బాగుంటే మామూలు తెల్ల అక్షరాల్లో. ఎర్ర బండి ఎండబెట్టే కళ్లంలోకి, పసుపుది పక్కకు, తెల్లది నేరుగా తూకం వేసే కాంటాకు వెళ్లాలి.

ఆ రంగులు వాటంతట అవి రావు. ప్రతి పేరుకూ ముందూ వెనకా కొన్ని అంకెలు దాగి ఉంటాయి. ముప్పై ఒకటి అంటే ఎరుపు, ముప్పై మూడు అంటే పసుపు. ఆ అంకెల్ని ఏరి, అర్థం చేసుకుని, తెరకు చెప్పే భాగాన్ని నాకంటే ముందు పనిచేసిన ఒకాయన రాసి, హైదరాబాద్‌లో నౌకరి దొరికి వెళ్లిపోయాడు. అది చూస్తే కళ్లు తిరిగేవి. పేర్లన్నీ k, kk, kkk. ఒక 'అయితే' లోపల ఇంకో 'అయితే', దాని లోపల మరొకటి, కాగితం మీద అచ్చు తీస్తే కుడి అంచు దాటి కింద పడిపోయేటట్టు. నేనేమో పుస్తకాల పిచ్చిదాన్ని. రాసిందేదైనా చదివినవాళ్లకు అర్థం కావాలి కదా అనుకున్నాను. పదిహేను రోజులు కూర్చుని మొత్తం తిరగరాశాను. kk పోయి ERUPU వచ్చింది, kkk పోయి PASUPU వచ్చింది. పెద్ద చిక్కుముడి ఆరు చిన్న ముక్కలైంది. ఒక్కో ముక్క డైరీలో ఒక్కో పేరాలా ఉంది. నాకు నేనే ముచ్చటపడి రెండుసార్లు చదువుకున్నాను.

చివర్లో ఒక సున్నా మిగిలింది. ప్రతి పేరు వెనకా సున్నా వస్తే ఏదో చేయాలని రాసి ఉంది. సున్నా అనే రంగు లేదు. లేని రంగుకు పనేమిటి? తీసేసి నడిపించి చూశాను. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "ఈ రోజు సున్నాను తీసేశాను. ఏమీ తేడా రాలేదు."

తేడా ఎందుకు వస్తుంది? నా ముందున్నది రంగుల తెర కాదు. నల్లటి గాజు మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చే పాత తెర. ఎరుపైనా, పసుపైనా, తెలుపైనా దానికి అన్నీ ఆకుపచ్చే. సెంటరు మొత్తానికి రంగుల తెర ఒక్కటే ఉండేది. అది సారు గదిలో, ఆయన భార్య అల్లిన లేసు ముసుగు కింద, దసరాకు పెట్టిన కుంకుమ బొట్టుతో సహా కొలువై ఉండేది. ఆ తలుపు తట్టి, "సార్, ఒకసారి మీ తెర మీద చూసుకుంటాను" అంటే చాలు. ఆ వాక్యాన్ని డైరీలో నాలుగు రకాలుగా రాసి పెట్టుకున్నాను కూడా. మూడు రోజులు ఆ తలుపు దాకా వెళ్లి, తలుపు మీదున్న కేలెండరు చూసి తిరిగొచ్చాను. సారు మాత్రం నేను రోజూ తారీకు చూసుకునే క్రమశిక్షణ గల పిల్లననుకున్నారట.

భైంసాకు జీపులో బయలుదేరాం. నన్నొక్కదాన్నే పంపడం బాపుకు ఇష్టం లేదు, తానూ ఎక్కాడు. ఎక్కినందుకు ఆయనకూ పని దొరికింది. బొంతలో చుట్టిన ఆ రంగుల తెరను జగిత్యాల, నిర్మల్ దాటి భైంసా దాకా ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా చంటిపిల్లను అదిమినట్టు అదిమి పట్టుకున్నాడు.

మిల్లు గేటు దగ్గర ఒక పొడుగు కట్టె పాతి ఉంది. కంప్యూటరు రాకముందు వాళ్ల పద్ధతి అదే. గేటు కాకా అని పిలిచే ఒక పెద్దాయన పత్తిని పిడికిట్లో నొక్కి చూసి, తడిదైతే కట్టెకు ఎర్ర జెండా ఎక్కించేవాడు, అనుమానముంటే పసుపుది. కట్టె బోడిగా ఉంటే పత్తి బాగున్నట్టు. ఆ రోజు జెండాలు భుజాన వేసుకుని, తన నౌకరికి ఎసరు పెట్టే పెట్టె ఎట్లా ఉంటుందో చూద్దామని ఆయన మా కిటికీ బయటే నిలబడ్డాడు.

మొదటి బండి తడిది. తెర మీద పేరు ఎర్రగా మెరిసింది. సేటు తల ఊపాడు, సారు నావైపు చూసి నవ్వారు. రెండో బండి బాగుంది, అదీ ఎర్రగానే వచ్చింది. మూడోదీ అంతే. లోపలి మనుషులు తెరను నమ్మి బండ్లన్నిటినీ కళ్లంలోకి తోలేస్తున్నారు. అయిదో బండి రైతు పిడికెడు పత్తి పట్టుకుని లోపలికే వచ్చి, కరకరలాడుతున్న పత్తిని ఇంకా ఏం ఎండబెట్టాలని నిలదీశాడు. ఆరోది ఎరుపు. చివరికి పైన ఉన్న 'స్వాగతం' కూడా ఎరుపే.

"ఏంది సారూ, నాకొచ్చిన పత్తంత తడిసిందేనా?" అన్నాడు సేటు. సారు ముందు కరెంటును తప్పుపట్టారు, తర్వాత తీగను, ఆ తర్వాత జీపు కుదుపులను. చివరికి తెర నెత్తిన రెండు దెబ్బలు వేశారు. జీపు కుదుపులనగానే బాపు ముఖం మాడిపోయింది. తాను సరిగ్గా పట్టుకోలేదేమోనని గోడకు ఒదిగి నిలబడ్డాడు. నలభై మంది పిల్లలు బెంచీల మీద కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నట్టు కళ్లకు కట్టింది.

అప్పుడు కిటికీలోంచి గేటు కాకా తాపీగా అన్నాడు. "జెండా దించలే."

అందరం అటు చూశాం.

"ముందు బండి పోయినంక జెండా దించాలె గద బాయి. దించకుంటె ఎనకొచ్చే బండ్లన్నిటికి గదే జెండా. కొత్తల నేను గూడ మరిచిపోయిన. ఒక్కపూటల పదహారు బండ్లు ఎండబెట్టిచ్చిన. అప్పటి పెద్దసేటు గా కట్టెతోనే ఉరికిచ్చిండు."

నా సున్నా నాకు కనిపించింది. అది రంగు కాదు. రంగును దించమని చెప్పే మాట. ఆకుపచ్చ తెర మీద ఎక్కని జెండా దిగిందో లేదో నాకెట్లా తెలుస్తుంది? బాపు ఇంకా గోడ దగ్గరే తల దించుకుని ఉన్నాడు. బహుశా అది చూసే నాకు నోరొచ్చింది. "సార్, కరెంటు కాదు, జీపు కాదు. తప్పు నాది. పది నిమిషాలు ఇయ్యుండ్రి, సరిచేస్త." నా జీవితంలో అప్పటికి నలుగురి ముందు మాట్లాడిన అతి పొడుగు మాట అది. సారు కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

పది నిమిషాలు పట్టలేదు. పాత రాతలోనైతే ఆ చోటు వెతకడానికే మూడు రోజులు పట్టేది. నా రాతలో పేరు చూసి నేరుగా అక్కడికి వెళ్లాను, సున్నాను దాని చోట కూర్చోబెట్టాను, ఆ ముక్కకు JENDA_DINCHU అని పేరు పెట్టాను. ఏడో బండి తెల్లగా వచ్చింది. కళ్లంలోకి తోలిన మంచి బండ్లను వెనక్కి పిలిచి కాంటాకు పంపారు. సేటు కాసేపు గడ్డం గోక్కుని, పెట్టెనూ ఉంచుతానని, కాకానూ ఉంచుతానని, ఒకరు మరిస్తే ఇంకొకరు యాది చేస్తారని తేల్చాడు. కాకా జెండాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో తెర లేదు, మిల్లులోనే ఉండిపోయింది. బాపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచనట్టు, ఖాళీ బొంతనే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నిర్మల్ దాటినంక ఒక్క మాట అడిగాడు. "రేపు నీ బస్సు ఎన్నింటికి?" బి.ఎడ్. మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు.

మొన్న పాత డైరీ తీస్తే ఆ పేజీ దొరికింది. "ఏమీ తేడా రాలేదు" కింద, భైంసా నుంచి వచ్చాక ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాసుకున్నాను: "వచ్చింది." ఒక తలుపు తట్టడానికి భయపడి, అయిదు బండ్ల మంచి పత్తిని ఎండబెట్టించిన ఆ పిల్లను చూస్తే ఇప్పుడు జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. నేనేదో చాలా మారానని కాదు. ఇప్పటికీ ఎవరి గది తలుపైనా తట్టే ముందు ఒక నిమిషం ఆగుతాను. అయితే ఈ రోజుల్లో తలుపుల మీద కేలెండర్లు పెట్టడం మానేశారు, చూస్తూ నిలబడడానికి ఏమీ ఉండదు. గత్యంతరం లేక తడతాను.