లొల్లి పాటల ఆయనకు పిట్ట ముట్టిన పొద్దు

చచ్చిపోయిన మనిషి మనకు ఏమవుతాడో తెలిస్తే తప్ప ఏం చేయాలో తెలియదు మా మేడ్చల్ వైపు. పాలివాళ్ళయితే మైల పట్టాలి. వాడకట్టులో వాళ్ళయితే శవం లేచేదాకా పొయ్యి ముట్టించకూడదు. దూరపు చుట్టమైతే వెళ్ళి ఒకసారి గట్టిగా ఏడ్చి, ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా తిరిగి రావాలి. అన్నిటికీ ఒక పద్ధతి ఉంది. పాటలు పాడేవాడు పోతే, ఆ పాటలు విని పిచ్చెక్కినవాళ్ళు ఏం చేయాలన్నదానికి మాత్రం ఏ పద్ధతీ లేదు.

తొంభైల చివర, నేను డిగ్రీ చదువుతున్న రోజులవి. ఆయన పోయాడన్న కబురు కాలేజీ దగ్గర బస్టాపులో తెలిసింది. క్లాసుకు వెళ్ళకుండా ఇంటికి వచ్చి గడప మీద కూలబడి ఏడుస్తుంటే, చేటలో బియ్యం చెరుగుతున్న అవ్వ చెయ్యి ఆపింది.

"ఎవలే పోయింది?"

"పాటలు పాడేటాయన."

"నీకేమైతడు?"

"ఏం గాడు."

"మనోళ్ళా?"

"కాదవ్వా."

"మరెందుకేడుస్తున్నవే? మైల గూడ లేదాయె. లే, కాళ్ళు గడుక్కొని ఇంత బువ్వ తిను."

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆలోచిస్తే అవ్వ అడిగిన దాంట్లో తప్పేముంది? నిజంగానే ఆయన నాకు ఏమవుతాడు? ఎన్నడూ మాట్లాడింది లేదు. నా పేరు ఆయనకు తెలియదు. అయినా సొంత అన్న పోయినట్టే ఉంది. ఇదేం చుట్టరికమో నాకే అర్థం కాలేదు.

ఆయన్ని మొదట చూసింది సూరారంలో, మా మేనత్త వాళ్ళ వాడలో పెట్టిన వినాయకుడి మండపం దగ్గర. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళంతా పోగై ఆర్కెస్ట్రా పిలిచారు. సినిమా పాటలు పాడతారనుకుని ముసలీ ముతకా చాపలేసుకుని మరీ కూర్చున్నారు. తీరా చూస్తే భుజాల దాకా జుట్టున్న ఒక బక్కమనిషి, ఆయన వెనకాల కరెంటు గిటార్లతో బొల్లారం పిల్లలు. బోరు ఎండిపోవడం గురించి, రాని బస్సు గురించి, మన మాటల్లోనే, మండపం రేకులు అదిరేలా పాడాడు. "గీ లొల్లేంది?" అని పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఎవరో కోపంతో కరెంటు తీసేశారు. గిటార్లు ఆగిపోయాయి. ఆయన ఆగలేదు. పొలంలో ఇవతలి గట్టు మీద నిలబడి అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచే గొంతది. మైకు లేకుండానే వాడ చివర పాన్‌డబ్బా దాకా వినిపించింది. ఆ రోజు నుంచి నేను ఆయన మనిషినైపోయాను.

మాలాంటివాళ్ళు ఎక్కువమంది ఏమీ లేరు. కాలేజీ పిల్లలం కొందరం, సూరారం ఫ్యాక్టరీల వాళ్ళు కొందరు. మా అందరికీ పెద్ద ఒక ఆటో అన్న. వెనక సీటు కింద పెద్ద స్పీకర్లు బిగించి, రోజంతా ఆయన క్యాసెట్టే మోగించేవాడు. తట్టుకోలేక దిగి నడిచిపోయిన ప్యాసింజర్లు ఉన్నారు. ఆ క్యాసెట్ బ్యాండు వాళ్ళే ఎక్కడో రికార్డు చేయించి, ప్రోగ్రాముల దగ్గర చేతుల మీదుగా అమ్ముకున్నది.

ప్రతి ప్రోగ్రాములో చివరి పాటకు ముందు ఆయన ఒక మాట అనేవాడు. "గిది మా బాపు ఇనని పాట." అంతే. నవ్వేవాడు కాదు, ఏడ్చేవాడు కాదు. దాని వెనక కథ మేం కూపీ లాగాం. శామీర్‌పేట వైపు భూములున్న ఇల్లు. తండ్రికి ద్రాక్షతోట. ఒక్కడే కొడుకు. తోట చూసుకోమంటే వినకుండా బ్యాండు వాళ్ళతో కౌకూర్‌లో గది తీసుకుని ఉండిపోయాడు. తండ్రి మాట్లాడడం మానేశాడు. ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు. కొడుకు పాట ఒక్కటి కూడా ఆయన వినలేదట. మా ముఠాలో ఒక్కరూ ఆ తండ్రిని చూసింది లేదు గాని, అందరికీ ఆయన మీద పళ్ళు నూరేంత కోపం.

చివరికి పాటలాయనకు పచ్చకామెర్లు వచ్చాయి. నాటుమందు తింటూ ప్రోగ్రాములు చేశాడు. ముదిరాక తల్లి వెళ్ళి ఇంటికి తెచ్చుకుంది. ఇంట్లోనే పోయాడు. వాళ్ళ పొలంలోనే, తోట పక్కన కాల్చారు. మాకు తెలిసేసరికే అంతా అయిపోయింది.

"మూడోనాడు పిట్టకు వెడ్తరు. గప్పుడన్న పోవాలె," అన్నాడు ఆటో అన్న.

నేను పోతానంటే ఇంట్లో ఒప్పుకోరనుకున్నాను. అవ్వ చీర కొంగు సర్దుకుని ముందే ఆటోలో కూర్చుంది. "ఆడివిల్ల మొగోళ్ళ ఆటోల ఒక్కతే వోతదా? నేనొస్త," అంది. అసలు సంగతి నాకు తెలుసు. గడప మీద నేను ఏడ్చిన దగ్గర్నుంచీ, ఆ పాటలాయన ఎవరో చూడాలని అవ్వకు లోపల తొలుస్తూనే ఉంది. ఆరా తీయడం మా ఇంటి రోగం.

మేం వెళ్ళేసరికి ఎండ ఇంకా పదునెక్కలేదు. ద్రాక్ష పందిళ్ళ నిండా కాయ వేలాడుతోంది. మూడు రోజులుగా పట్టించుకున్నవాళ్ళు లేరేమో, గోరింకలు, చిలుకలు, కాకులు ఇష్టమొచ్చినట్టు మెక్కుతున్నాయి. ఆ గోలలో మనిషి మాట వినిపించడం లేదు. గట్టు పక్కన వేపచెట్టు కింద చుట్టాలంతా కూర్చున్నారు. తండ్రి మాత్రం అందరికీ దూరంగా, తల మీద తువ్వాల కప్పుకుని, తోట వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఊహించుకున్నంత పెద్ద మనిషేం కాదు. కొడుకులాగే బక్కపలచన.

పిట్టకు పెట్టడం అంటే పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, కాల్చినచోట ఆకులో పెట్టి దూరం జరగడం. పోయినవాడు పిట్ట రూపంలో వచ్చి తింటాడని నమ్మకం. పిట్ట ముట్టకపోతే వాడికి ఏదో కోరిక మిగిలిపోయిందన్నమాట. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, ఆ కోరిక ఏదై ఉంటుందో ఊహించి, తీరుస్తామని పైకి చెప్పి దండం పెడతారు. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. తల్లి అయితే, కొడుకు పోయిన దగ్గర్నుంచి గుక్కెడు నీళ్ళే తప్ప ఏమీ ముట్టలేదట. ఆ పొద్దున అవి కూడా వద్దంది. "నా కొడుకు తిన్నంకనే," అని కూర్చుంది.

ఆకులో అన్నం, కోడికూర, పచ్చిపులుసు, పాలు ఉన్నాయి. మేం బొల్లారం నుంచి తెచ్చిన ఉస్మానియా బిస్కెట్లు, ఫ్లాస్కులో ఇరానీ చాయ్ కూడా పెడతామంటే తల్లి ఆశ్చర్యపోయింది.

"చాయ్ తాగుతుండెనా? నా తాన పాలు దప్ప ఏం ముట్టకపోతుండె గద బిడ్డా."

"రోజుకు పది చాయలమ్మా," అన్నాడు గిటారు వాయించే బొల్లారం అతను. కొడుకు గురించి కొత్త సంగతి తెలిసినందుకు ఆ తల్లి మొహం ఒక్క క్షణం విప్పారింది.

అన్నీ పెట్టి దూరం జరిగాం. ఆటో అన్న ఊరుకోలేదు. "అన్న పాట లేకుంటే అన్నెట్లొస్తడు?" అని ఆటోను గట్టు దాకా తెచ్చి క్యాసెట్ పెట్టాడు. ఆ గొంతు వినగానే మా వాళ్ళందరికీ రోమాలు లేచాయి. తండ్రి కదల్లేదు, వెనక్కి తిరగలేదు.

పిట్ట రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. ఇందాక కరెంటు తీగ మీదున్న కాకులు కూడా ఎటో పోయాయి. మందిని చూసి బెదిరాయనుకుని ఇంకా దూరం జరిగాం. లాభం లేకపోయింది.

ఇక మొక్కులు మొదలయ్యాయి. ఆయన చెల్లెలి భర్త లేచి, పిల్లల్ని బాగా చదివిస్తానన్నాడు. గిటారు అతను కళ్ళు తుడుచుకుంటూ, "నీ రెండో క్యాసెట్ తీస్తం భయ్, కసమ్," అని ఒట్టేశాడు. తల్లి చేతులు జోడించి, "లగ్గం జెయ్యకపోతిని కొడుకా, తప్పైంది, ముట్టు," అని ఏడ్చింది. ఆకు ఆకులాగే ఉంది. ఈగలు ముసురుతున్నాయి.

అప్పుడు అందరి చూపూ తండ్రి మీదికి పోయింది. కోరికేమిటో మా ముఠాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆటో అన్న మొహం ఎర్రబడింది. "గాయన ఇనాలె. గాయన ఇంటెనే అన్న ముడ్తడు," అని క్యాసెట్ తిప్పి ఆ చివరి పాట పెట్టి, సౌండు మొత్తం పెంచాడు. ఆటో పైగుడ్డ దడదడలాడింది. నాకైతే తృప్తిగా ఉంది. ఇప్పుడు ఎలా వినకుండా ఉంటాడో చూద్దాం అనుకున్నాను. వింతేమిటంటే తోటలో ఒక్క పిట్ట కూడా లేదు. ఇందాకటి గోలంతా ఎటు పోయిందో.

ఎండ అప్పటికే నెత్తికెక్కింది. తల్లి పక్కకు ఒరిగిపోతుంటే మా అవ్వ పోయి పట్టుకుంది. "జర రెండు గుటికలు తాగు తల్లీ, నీ కాళ్ళు మొక్కుత," అని బతిమాలింది. ఆమె తల అడ్డంగా ఊపింది. పెదాలు ఎండి తెల్లగా అయిపోయాయి. నాకు మొదటిసారి భయం వేసింది. ఈ పిట్ట రాకపోతే ఈమె ఏమైపోతుంది?

తండ్రి లేచాడు. నేరుగా ఆటో దగ్గరికి వచ్చాడు.

"బంద్ జెయ్ తమ్మీ."

ఆటో అన్న స్పీకర్లకు అడ్డం నిలబడ్డాడు. "సచ్చినంక గూడ ఇనవా పెద్దమనిషీ? నీ కొడుకు గాదా?"

నా నోరు కూడా ఊరుకోలేదు. "ఒక్క పాటనన్న ఇను పెద్దనాయినా," అని అరిచాను.

ఆయన మా మీద కోప్పడలేదు. ఆకు వైపు ఒకసారి చూశాడు. "గా గొంతు ఇనవడ్తే పిట్ట రాదు. గీ తోట సుట్టూత ఏ పిట్ట గూడ రాదు. నేనే గట్ల అలవాటు జేసిన," అన్నాడు.

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. పిట్టలు తోట మీద పడేది తెల్లారేటప్పుడూ పొద్దు గూకేటప్పుడూ. కూలీలు ఉండని ఆ వేళల్లో ఆయన ఒక్కడే టేప్‌రికార్డర్ పట్టుకుని తోటకు వచ్చేవాడు. కొడుకు క్యాసెట్ పెట్టి, వడిసెలతో రాళ్ళు విసిరేవాడు. నిరుడు కాపుకు అట్లాగే చేశాడు, ఈ కాపుకూ అట్లాగే చేశాడు. రానురాను రాయి అవసరం లేకపోయింది. ఆ గొంతు వినిపిస్తే చాలు, పిట్టలు లేచిపోయేవి.

అవ్వ భుజం మీద తల ఆనించుకున్న తల్లి కళ్ళు తెరిచింది. "నా సందుగపెట్టెల దాసిన క్యాసెట్ తీసింది నువ్వేనా?" అంది. ఆయన తువ్వాల మొహం మీదికి లాక్కున్నాడు.

ఆటో అన్న ఇంకా నమ్మకం కుదరనట్టు నిలబడే ఉన్నాడు. స్పీకర్లలో పాట చివరికి వస్తోంది. తండ్రి వేలెత్తి, "గిది ఒడుస్తది గిప్పుడు. అటు తిప్పితె ముందుగాల బస్సు పాటుంటది. గది ఇంకింత లొల్లి. గిక్కడ్నే ఆపు," అన్నాడు.

ఆ క్యాసెట్ వరస మాకెంత కంఠతా వచ్చో ఆయనకూ అంతే వచ్చు. ఆటో అన్న పక్కకు జరిగాడు. టేపు ఆపేశాడు.

ఆ గొంతు ఆగిపోగానే నాకు దుఃఖం పొంగుకొచ్చింది. గడప మీద ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. ఆయన నిజంగా పోయాడని అప్పుడే తెలిసింది. కాసేపటికి దూరంగా ఒక గోరింక కూసింది. తర్వాత పందిరి మీద ఏదో వాలిన చప్పుడు. ఒక కాకి తీగ మీదికి వచ్చి, మెడ అటూ ఇటూ తిప్పి, ఇంకా అనుమానం తీరనట్టు ఆలోచించి, చివరికి ఆకు పక్కన దిగింది. ముందు మా బిస్కెట్ పొడిచి చూసింది. అది వదిలేసి కోడికూర ముక్క పట్టుకుని ఎగిరింది.

"ముట్టింది," అంది తల్లి. అవ్వ గ్లాసు అందిస్తే గటగటా తాగేసింది.

అందరూ బోరు దగ్గరికి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు. తండ్రి కాలువ పక్కన ఒక్కడే ఉన్నాడు. అడగొద్దని అవ్వ నా చెయ్యి గిల్లింది. నేను ఆగలేకపోయాను.

"పెద్దనాయినా, గా క్యాసెట్ పిట్టల కోసమే పెట్టినవా?"

ఆయన వంగి కాలువలో చేతులు కడుక్కున్నాడు. పాట ఆపమని చెప్పినప్పటి గట్టితనం ఇప్పుడు మొహంలో లేదు.

"మొదాల పిట్టల కోసమే బిడ్డా," అన్నాడు. "నిరుడు కాయంత దింపినం. తోటల ఒక్క గుత్తి లేదు, ఒక్క పిట్ట లేదు. గప్పుడు గూడ రోజు పొద్దుగాల్నే అచ్చి పెట్టుకుంటుంటి. గా సంగతి ఆనికే చెప్పలే."