ఫ్యాక్టరీ వ్యానులో మాత్రల డబ్బా

కరోనా వార్డులు మూసేసిన మరుసటి వేసవిలో నన్ను తమిళనాడులోని విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టిలో ఒక ఆసుపత్రికి సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా వేశారు. నా పైన మైక్రోబయాలజీ డాక్టరమ్మ, నా కింద ఒక ఫ్రిజ్జు. జీతం పెరగలేదు గానీ అదనంగా ఒక బాధ్యత అంటగట్టారు. యాంటీబయాటిక్ మందులు మధ్యలో ఆపితే క్రిములు మొండికేస్తాయని రోగులకు బోధించాలి. ఆ పని నేను మహా ఉత్సాహంగా చేసేవాణ్ణి. దొరికినవాణ్ణి దొరికినట్టే నిలబెట్టి చెప్పేవాణ్ణి.

రెండో నెలలో రామలక్ష్మి అనే ఆమె వార్డులో చేరింది. కళుగుమలై పక్క అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. కుడి చూపుడువేలు తెగి, చీముపట్టి, వంకాయలా వాచింది. మందు పట్టకపోతే వేలు తీసెయ్యాలన్నారు సర్జన్ గారు. వేలు లేకపోతే పెట్టెలు నింపే పని ఎవరిస్తారు? ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ వేలి మీదే నడుస్తోంది.

చీము మా ల్యాబుకు వచ్చింది. పద్ధతి ఏమిటంటే, చీములోంచి పెంచిన క్రిములను ఒక పళ్ళెంలో పరిచి, పైన రకరకాల మందు బిళ్ళలు పెడతాం. మర్నాటికి ఏ బిళ్ళ చుట్టూ తగినంత ఖాళీ వలయం కనిపిస్తే ఆ మందు పనిచేస్తుందన్నమాట. రామలక్ష్మి క్రిములు బిళ్ళలను ఆనుకుని హాయిగా కాపురం పెట్టాయి. ఒక్క ఇంజెక్షన్ మందుకే సరైన వలయం వచ్చింది. అంతకుముందు ఏం వాడిందో కనుక్కోమన్నారు డాక్టరమ్మ.

తమిళంలో అడిగితే ఏమీ వాడలేదంది. నేను మా ఇద్దరి ఇళ్ళలోనూ మాట్లాడే తెలుగులో అడిగేసరికి మొహం విప్పారింది.

"మేము పనికి పోయే వ్యానులో డబ్బా ఉండాది గదన్నా! మిగిలిన మాత్రలన్నీ దాంట్లో ఏస్తాము. ఎవరికి కావాలన్నా తీసుకునేది. పారేస్తే పాపం గదా?"

ఎర్రది జ్వరానికి, పసుపుది దగ్గుకు, రెండు రంగుల గొట్టం మాత్ర పుండుకు. మింగేది ఒకటి, విప్పి పొడి చల్లేది ఒకటి. వాపు కాస్త తగ్గగానే మిగతావి మళ్ళీ డబ్బాలోకే. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున్నే బస్టాండు దగ్గర వ్యాను ఆపించి ఎక్కాను. డబ్బాకు కాపలా ముత్తమ్మక్క, అందరిలోకీ పెద్దావిడ. ఆడవాళ్ళందరి ముందూ నా ఉపన్యాసం దంచాను. ముత్తమ్మక్క ఓపిగ్గా విని, ఆస్పత్రి వరసలో నిలబడితే ఆ రోజు కూలి ఎవరిస్తారని అడిగింది. మాట మార్చి డబ్బా ఒళ్ళో బోర్లించాను. సగం సగం వాడిన మాత్రల పట్టీలు, ఒక చొక్కా గుండీ, మేకల పురుగుల మాత్రొకటి, అడుగున మా ఆసుపత్రి ఫార్మసీ కవరు. దాని మీద నా పేరు, హోదాతో సహా!

అయిదు రోజులకు రాసిచ్చిన మాత్రలు. పంటినొప్పి రెండో రోజుకే పోయిందని ఆపేశాను. మా ఆవిడ వాటిని పక్కింటామెకు ఇచ్చింది. ఆమె ఈ వ్యానులోనే పనికి పోతుంది.

"మీదేనా తంబీ? మంచి మాత్ర. రామలక్ష్మికి దీన్నే ఇస్తిని" అంది ముత్తమ్మక్క. వ్యాను వ్యానంతా పకపకా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను.

రిపోర్టులో పాత మందుల వివరం రాసే చోట నా పేరు నేనే రాసుకున్నాను. ఇంజెక్షన్లు పట్టాయి, వేలు దక్కింది. కొస మాత్రం పూర్తిగా వంగదు. రామలక్ష్మికి జరిగింది చెప్పి క్షమించమన్నాను. "పోనీన్నా, ఇంక మీ మాత్ర మింగను" అంది.

మందు పూర్తిగా వాడావా అని అడిగితే ఎవరైనా వాడాననే అంటారు. అందుకని ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ ప్రశ్న మానేసి, ఇంట్లో మిగిలినవి పట్టుకురండని అడిగాను. మొదలుపెట్టిన రోజు అందరికన్నా ముందు తన హ్యాండ్‌బ్యాగు తెరిచి, సగం పట్టీ నా బల్ల మీద పెట్టినవారు మా డాక్టరమ్మే.