అక్షరక్రమంలో పెట్టిన ఇరవై నాలుగు మాటలు

దీనిని రాసిపెట్టవలసిన అవసరం ఏర్పడింది. బూర్గంపాడు వైపు వాగులు దాటేవారి కోసం వానాకాలంలో ప్రతి ఉదయం నేను ఇచ్చే సమాచారం ఇప్పుడు పాత చోట రాదు. కొత్త చోట, కొత్త చిరునామాతో వస్తుంది. ఈ మార్పుకు కారణం నా మతిమరుపని కొందరు, ఎవరో నన్ను దొంగిలించారని మరికొందరు చెప్పుకుంటున్నారు. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది, ఏదీ పూర్తి నిజం కాదు. నా మాట నమ్మి నీళ్లలో అడుగు పెట్టే మనిషికి ఆ మాట ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిసి ఉండాలి.

నేను గణితం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. భద్రాచలం వంతెన దగ్గర గోదావరి ఎన్ని అడుగులున్నదో అందరూ చెబుతారు. అడవిలోని చిన్న వాగుల సంగతి ఎవరూ చెప్పరు. మన నెత్తిన ఎండ కాస్తున్నా, పైన అడవిలో కురిసిన వాన గంటలో వాగుకు అడ్డంగా వేసిన చప్టా మీదికి వస్తుంది. అందుచేత ఆయా ఊళ్లవారికి ఫోన్లు చేసి, వాగుల పరిస్థితి కనుక్కుని, అందరూ వాడే ఒక పెద్ద సామాజిక మాధ్యమంలో ఉదయం ఏడు గంటలకు రాసేవాణ్ణి. వాగు పేరు కింద నా వాక్యాలు రెండే. "నీరు తగ్గినది, దాటవచ్చును." "నీరు ఉన్నది, దాటరాదు." ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా ఏళ్ల తరబడి అవే వాక్యాలు రాశాను. ఆ క్రమశిక్షణ నాకు గర్వకారణంగా ఉండేది.

పోయిన వానాకాలంలో ఒక ఉదయం నేను "దాటరాదు" అని రాశాను. అదే ఉదయం నా పేరుతో, నా ఫొటోతో ఇంకెవరో తెరిచిన ఖాతాలో "నీరు తగ్గినది, దాటవచ్చును" అని వచ్చింది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఈనాటికీ తెలియదు. అడవి లోపలి ఊరి ఆశా కార్యకర్త ఒకామె నెలలు నిండిన మనిషిని ఆటోలో దవాఖానాకు తీసుకువస్తూ ఆ మాట చూసి, చుట్టుదారి వదిలి చప్టా దారి పట్టింది. చప్టా మీద నీరు పారుతున్నది. మధ్యాహ్నం దాకా ఆ ఒడ్డునే నిలబడి, చివరికి వెనక్కి మళ్లి చుట్టూ తిరిగి వెళ్లారు. కాన్పు క్షేమంగానే జరిగింది. కానీ అప్పటిదాకా తన ఊరి వానల సంగతి నాకు చెబుతూ వచ్చిన ఆమె, ఆ రోజు నుంచి నా ఫోను ఎత్తలేదు.

కంపెనీకి ఫిర్యాదు చేశాను. మూడో రోజున నా ఖాతానే మూసివేశారు. నకిలీది అలాగే ఉన్నది. అంటే నేనే నాకు నకిలీనని తేలింది. నా రాతలన్నీ దానితో పోయాయి. అంతకన్నా పెద్ద చింత మరొకటి ఉన్నది. వచ్చే వానలలోగా చప్టా దగ్గరి మనుషులు, అందరికంటే ముందు ఆ ఆశా కార్యకర్త, నా మాటను మళ్లీ నమ్ముతారా?

ఫిర్యాదు కాగితాల నకళ్ల కోసం భద్రాచలంలో జిరాక్సులు తీసి, రబ్బరు స్టాంపులు చేసే దుకాణానికి వెళ్లాను. మా బడి గుండ్రటి ముద్రను తయారుచేసినది ఆ కుటుంబంలోని పెద్దాయన. పాత ముద్ర తెచ్చి బల్ల మీద పెట్టి, తన కత్తితో దాన్ని కోసేదాకా ఆయన ఎవరికీ రెండో ముద్ర చేసి ఇచ్చేవాడు కాడు, కలెక్టరు ఆఫీసు నుంచి వచ్చినా సరే. ఇప్పుడు, ఆయనను అబ్బా అని పిలిచే కూతురు దుకాణం నడుపుతున్నది. నలభై దాటిన మనిషి, కంప్యూటరు పని క్షుణ్ణంగా తెలిసినది.

"గిన్ని కాయితాలు ఎవరికి రాస్తున్నరు సార్?" అన్నది.

"కంపెనీకి."

"కంపెనీల ఎవరికి?"

కాగితం మీద 'గౌరవనీయులైన' అన్న మాట తరువాతి ఖాళీని చూపించాను.

"ఆ అకౌంటు మీదెప్పుడైంది సార్? వాళ్లింట్ల కిరాయికున్నరు. ఖాళీ చెయ్యమన్నరు, చేసిన్రు."

తరువాత ఆమె నాకు వేరొక ఏర్పాటు చూపించింది. వేర్వేరు ఊళ్లలో కొందరు మిత్రులు తలా ఒక చిన్న కంప్యూటరు నడుపుతారు. రాసిన మాట వాటిలో చాలాచోట్ల నిలుస్తుంది. వాటన్నింటికీ కలిపి యజమాని అంటూ ఎవరూ లేరు. అక్కడ మన గుర్తింపు ఇంకొకరు ఇచ్చేది కాదు. అందరికీ కనిపించే చిరునామా ఒకటి, మన దగ్గరే ఉండే రహస్యపు తాళం చెవి ఒకటి, రెండూ జంటగా పుడతాయి. మనం రాసిన ప్రతి మాట మీదా ఆ తాళం చెవితో ముద్ర పడుతుంది. ముద్ర నిజమో కాదో ఎవరైనా సరిచూడవచ్చు. వేయడం మాత్రం మన ఒక్కరికే సాధ్యం.

కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాను. చాలా కాలానికి నేను విద్యార్థినయ్యాను.

"ఒక కంప్యూటరు ఆగిపోతే?"

"మిగతాయి ఉంటయి సార్."

"నన్ను తీసివేసే అధికారం ఎవరిది?"

"నా దాంట్లకెళ్లి నేను తీసెయ్యొచ్చు. అందరి దాంట్లకెళ్లి ఎవ్వరు తియ్యలేరు."

"అయితే అబద్ధాలు రాసేవాణ్ణి కూడా ఎవరూ తీయలేరు గదా."

"అవ్, తియ్యలేరు. కానీ వాడు మీ ముద్ర వెయ్యలేడు."

"తాళం చెవి నేనే పోగొట్టుకుంటే?"

"ఇరవై నాలుగు మాటలిస్తది. అవి రాసి పెట్టుకోండ్రి, మళ్ల తెచ్చుకోవచ్చు. అవి గూడ పోతే నేనేం చెయ్యలేను. మా అబ్బా అయితే, ముద్ర నిజంగ పోయిందని తేలితే రెండు తిట్లు తిట్టైనా కొత్తది చేసిచ్చేటోడు."

సెల్‌ఫోను తెర మీద ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలు వచ్చాయి. చిత్తు కాగితం మీద రాసుకుని ఇంటికి వెళ్లి, రిజిస్టరులో శుభ్రమైన ప్రతి తీశాను. శుభ్రమైన ప్రతి తీసిన తరువాత చిత్తు ప్రతిని చింపివేయడం నా ఉద్యోగకాలపు నియమం. చింపివేశాను.

నెల తిరగకముందే చప్టా ఫొటో తీయబోయి ఫోనును, దానిలోని తాళం చెవిని వాగుకు సమర్పించుకున్నాను. కొత్త ఫోనుతో, రిజిస్టరుతో దుకాణానికి వెళ్లాను. మాటలు కొట్టి చూస్తే తెర ఒప్పుకోలేదు. రెండోసారీ ఒప్పుకోలేదు. ఆమె రిజిస్టరు తన వైపు తిప్పుకుని చాలాసేపు చూసింది.

"ఏంది సార్, ఇవన్ని బడి ప్రేయర్ల నిలబడ్డట్టున్నయి? వరస మార్చిన్రా?"

"మార్చలేదు. సరిచేశాను."

అక్షరక్రమంలో పెట్టాను. ఇరవై నాలుగు మాటలు చిందరవందరగా ఉంటే నా చేయి ఊరుకోలేదు. ఏ మాట తరువాత ఏ మాట వచ్చిందన్నదే అసలు రహస్యమని ఆమె చెప్పకపోలేదు, నేనే వినలేదు. ఆమె నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

ఆ రాత్రి లెక్క వేశాను. ఇరవై నాలుగు మాటలను ఎన్ని విధాలుగా పేర్చవచ్చునో, ఆ సంఖ్యలో కూడా సరిగ్గా ఇరవై నాలుగు అంకెలున్నాయి. సరిచూసుకుని మళ్లీ వేశాను, అంతే వచ్చింది. నష్టం నాదే అయినా, అంత పెద్ద తలుపు వెనుక నన్ను నేనే పెట్టి గడియ వేసుకున్నానన్న సంగతి నన్ను వింతగా ఆకర్షించింది.

ఇక కొత్త జంట పుట్టించుకోక తప్పలేదు. అయితే కొత్త చిరునామా నాదేనని చెప్పేదెవరు? "మిమ్మల్ని ఎరిగినోళ్లు వాళ్ల ముద్రతోని రాయాలె, ఈయనే మా సార్ అని. ఫోన్ల చెప్తే రాయొద్దంట. మనిషిని చూసి రాయాలె," అన్నది. ముప్పై ఏళ్లు పిల్లలకు 'ఇతడు నాకు తెలిసినవాడు' అని ధ్రువపత్రాలు రాసి ఇచ్చిన చేయి నాది. ఇప్పుడు అదే మాట నా గురించి రాయించుకోవడానికి ఊరూరూ తిరగాలి. ఆమె నా చిరునామాతో ఒక రబ్బరు స్టాంపు చేసి ఇచ్చింది. ఎవరు నకలు తీసినా ప్రమాదం లేని ముద్రను జీవితంలో మొదటిసారి చేతపట్టుకున్నాను. చీటీల మీద కొట్టుకుని బయలుదేరాను.

దుమ్ముగూడెంలో ఒకరు, చండ్రుగొండలో ఒకరు, ఇద్దరూ పాత విద్యార్థులే, వెంటనే రాశారు. ఆ తరువాత, అప్పటికి తానూ అక్కడ ఒక ముద్ర పెట్టుకున్న ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాను. చీటీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మీదే అని రాస్త సార్. మీరొచ్చిన్రు, చూసిన. కానీ మీ మాట నమ్మున్రి అని మాత్రం రాయ."

"ఆ రోజు రాసింది నేను కాదమ్మా."

"తెలుసు. తర్వాత తెలిసింది. కానీ వాడు కొత్తగ ఏం రాయలే సార్. మీదే పాతది ఎత్తి పెట్టిండు. మీ మాట ఏ రోజుకు పెట్టినా అతుకుతది. ఎవరు చూసిన్రో ఉండది, ఎప్పుడు చూసిన్రో ఉండది. మేమెట్ల కనిపెట్టాలె?"

తాళం చెవుల గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న ముందు చాలలేదు. నా గర్వానికి కారణమైన ఆ రెండు వాక్యాలే దొంగకు నిచ్చెన వేశాయి. ముద్ర మాట ఎవరిదో చెబుతుంది. ఆ మాట ఏ నీటిని చూసి పుట్టిందో మాట లోపలే ఉండాలి.

ఈ ఏడు మొదటి వాన తరువాత నేను రాసినది ఇది: "ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఒడ్డున ఉండే పాలవాడు స్వయంగా దిగి చూశాడు. చప్టా మీద మోకాలి లోతు. దాటరాదు." పావుగంటలో దాని కింద ఆమె ముద్రతో ఒక వాక్యం వచ్చింది. "ఎవరి మోకాలు సార్? పాలాయన పొడుగు. నాకు తొడ దాక ఉన్నది, ఇప్పుడే చూసిన." ఆమె చూసిన లోతునే ప్రమాణంగా తీసుకుని సవరించి రాశాను. ఆ మధ్యాహ్నం ఆమె ఫోను చేసి, చుట్టుదారి ఎట్లా ఉన్నదని నన్ను అడిగింది.

ఇప్పుడు చప్టా పక్క రాతి మీద లోతు చూపే అడుగుల గీతలు రంగుతో ఉన్నాయి. మోకాళ్ల పని లేదు. ఈ తాళం చెవుల ఏర్పాటు గురించి నేను రాసినదాంట్లో నాకు సరిగా అర్థం కానివి ఉండవచ్చు. అడవి వాగుల గురించి అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. చదివినవారు నా తప్పులను దిద్దవలసిందిగా కోరుతున్నాను. దిద్దేవారు తాము ఎవరో, ఏది ఎప్పుడు చూశారో కూడా దయచేసి రాయండి.